పాత జీపు టబ్ మార్చే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పాత మహీంద్రా జీపులో మ్యాట్ ఎత్తితే కింద రోడ్డు కనబడటం మామూలే. కాళ్ల దగ్గర రేకుకి చిల్లు పడిందని ఒక అతుకు వేయిస్తాం. ఏడాది తిరక్కుండానే దాని పక్కన ఇంకొకటి. చివరికి వెల్డింగ్ పట్టడానికి గట్టి రేకే దొరకదు. అప్పుడు టింకరింగ్ మేస్త్రి టబ్‌ని, అంటే నేలా పక్క రేకులూ కలిసిన బాడీ తొట్టిని చూపించి "టబ్బే మార్చేద్దాం సార్" అంటాడు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే. అయితే ఆ మాట వినగానే పానాలు బయటికి తీయకండి. ఈ పనిలో దెబ్బలు తగలడం, మంటలు లేవడం ఎక్కువగా పాత టబ్ ఊడదీసేటప్పుడే జరుగుతుంది. కొత్తది బిగించేసరికి పెద్ద ప్రమాదాలు దాటిపోయినట్టే. అందుకే ఇక్కడ విప్పడం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మొదట, ఈ పని ఏ కాలంలో పెట్టుకోవాలన్న సంగతి. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, నైరుతి వానలు రాకముందే రంగు దాకా పూర్తిచేసుకోవాలి. ఇసుక కాగితంతో రుద్ది తెరిచిపెట్టిన రేకు వానాకాలంలో తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ఆ తేమ మీదే ప్రైమర్ కొడితే తుప్పుని లోపల పెట్టి మూతేసినట్టే. విశాఖ, కాకినాడ, బందరు వైపు ఉప్పు గాలి ఉంటుంది కాబట్టి అక్కడ రుద్దిన రోజే ప్రైమర్ పడాలి. తడి నేల మీద ఆర్క్ వెల్డింగ్ చేస్తే షాక్ కొడుతుందని వేరే చెప్పక్కర్లేదు. టబ్ ఆర్డర్ ఇచ్చాక చేతికి రావడానికి పట్టే సమయాన్ని కూడా కలుపుకొని లెక్క వేసుకోండి. మే నెలలో జీపు విప్పి కూర్చుంటే జూన్‌లో టార్పాలిన్ కింద పని చేయాల్సి వస్తుంది.

టబ్ కన్నా ముందు ఛాసిస్

టబ్ మార్చడం ఖర్చుతో కూడిన పని. కింద ఛాసిస్‌ని, అంటే బండిని మోసే ఇనుప చట్రాన్ని, తుప్పు తినేసి ఉంటే ఆ ఖర్చంతా వృథా. కమాను పట్టీల హ్యాంగర్ల దగ్గర, అడ్డ పట్టీలు కలిసే మూలల్లో, వెనక బంపర్ పైన మట్టి గోకేసి చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. పాత అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోండి. పాడేరు, అరకు వైపు జనాన్ని ఎక్కించుకుని ఏళ్ల తరబడి ఘాట్ రోడ్లు తిరిగిన జీపుల్లో హ్యాంగర్ల దగ్గర పగుళ్లు కూడా వెతకాలి. మూల నుంచి మూలకి టేపు పట్టి రెండు వైపులా కొలిస్తే ఛాసిస్ వంగిందీ లేనిదీ తెలిసిపోతుంది. ఇది పూటలో అయిపోయే పని. దీన్ని వదిలేసే మేస్త్రికి జీపు అప్పగించకపోవడమే మంచిది.

కాగితాలు

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో రాసినవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఉన్న రకం టబ్‌నే తెచ్చి బిగిస్తే ఒక సంగతి. పొడవు తగ్గించడం, గుడ్డ టాపు తీసేసి రేకు టాపు పెట్టడం, ఛాసిస్ కోయడం మరో సంగతి. "పొడుగు జీపుని పొట్టి జీపు చేసిస్తాం" అనేవాళ్ల దగ్గర ఆగి రెండోసారి ఆలోచించండి. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. దానికి 20,000 రూపాయల ఫీజు, 'వీఏ' అక్షరాలున్న నంబరు. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మీ జీపు ఆ వయసుకి దగ్గరపడి, మీకు ఆ ఆలోచన ఉంటే టబ్ విప్పకముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి. మామూలు ఆర్‌సీ అయితే 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ ఎలాగూ ఉంటుంది, అప్పుడు బండిని చూపించాలి. అందుకని పని మొదలుపెట్టకముందే ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ ముద్ర తీసుకుని, ఫొటోలు తీసి పెట్టుకోండి. పాత టబ్ మీద ఉన్న కంపెనీ ప్లేటుని జాగ్రత్తగా విప్పి దాచాలి. అది తుక్కుతో పాటు వెళ్లిపోతే మళ్లీ దొరకదు. ఇక గ్రైండర్ పట్టినవాడికి ఛాసిస్ నంబరు ఎక్కడుందో ముందే వేలితో చూపించండి. తుప్పు గోకే ఊపులో నంబరు అరిగిపోతే ఆర్టీవో దగ్గర సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ట్యాంకు బయటికి పోయాకే నిప్పు

అమెరికాలో విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన సీజే-3బీ మోడల్‌ని మన దగ్గర మహీంద్రా దశాబ్దాల పాటు తయారుచేసింది. ఎత్తు బోనెట్ జీపు అంటే మనకి గుర్తొచ్చేది అదే. ఆ జీపులో ఇంధనం ట్యాంకు డ్రైవర్ సీటు కిందే, టబ్ లోపలే కూర్చుంటుంది. అంటే మీరు కోయబోయే, వేడి చేయబోయే రేకు మీదే ట్యాంకు ఉందన్నమాట.

మొదట బ్యాటరీ తీసేయాలి. ఎర్త్ వైరు ముందు, ప్లస్ వైరు తర్వాత. ఈ వరస ఎందుకంటే, ఎర్త్ ఉండగా ప్లస్ నట్టు విప్పుతూ పానా బాడీకి తగిలితే పెద్ద మెరుపే వస్తుంది. తర్వాత ఆరుబయట, మూతున్న ఇనుప డబ్బాలోకి పెట్రోలు దించండి. ప్లాస్టిక్ బకెట్లు వద్దు, వాటిలో పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వే మంట లేవడానికి చాలు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. షెడ్‌లో సర్వీసింగ్ గొయ్యి ఉంటే ఆవిరి అందులోకి దిగి, కంటికి కనబడకుండా నిలబడి ఉంటుంది. అందుకే ఈ పని గొయ్యి మీద చేయకూడదు.

ట్యాంకు ఖాళీ అయింది కదా అని ధైర్యం తెచ్చుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటే ఉండదు. ఖాళీ ట్యాంకు నిండా ఆవిరీ గాలీ కలిసి, పేలడానికి సిద్ధంగా ఉంటాయి. "సబ్బు నీళ్లతో కడిగేశాం, ఇక వెల్డింగ్ పెట్టొచ్చు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అతుకుల సందుల్లో దాగిన పెట్రోలు మంట వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ట్యాంకుకి చిల్లుంటే అదే పని చేసేవాళ్లకి ఇవ్వండి, లేదా కొత్తది కొనండి. డీజిల్ జీపు కదా అని కూడా అలుసు వద్దు. వేడెక్కితే డీజిల్ కూడా ఆవిరవుతుంది. ట్యాంకు, పైపులు తీసి దూరంగా పెట్టాకే గ్రైండర్‌కి కరెంటు ఇవ్వాలి.

ఊడదీయడం, ఎత్తడం

టబ్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు ఒక్క పట్టున రావు. మూడు నాలుగు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పోస్తూ ఉండండి. అప్పటికీ రానివాటిని గ్యాస్ కట్టర్‌తో కాల్చడం కంటే గ్రైండర్‌తో తల కోసేయడం మేలు. ఆ బోల్టుల కింద రబ్బరు ప్యాకింగులు, చుట్టూ పాత తారు పూత, గ్రీజు ఉంటాయి. అన్నీ మండేవే. కోసే ముందు వంగి బోల్టు వెనక వైపు ఏముందో చూడండి, బ్రేకు పైపులు ఆ పక్కనే వెళ్తుంటాయి. పాత పైపులు, హోసులు ఎలాగూ మార్చాల్సినవే అయితే మార్చండి గానీ, బ్రేకు ఆయిల్ మాత్రం ఒలకనీయకండి. అది రంగుని తినేస్తుంది.

వైర్లన్నిటికీ టేపు ముక్క చుట్టి, ఏది దేనికో రాసిపెట్టాలి. ఫోన్‌లో ఫొటో తీశాం కదా అంటే చాలదు, రెండు నల్ల వైర్లు పక్కపక్కన ఉంటే ఫొటోలో తేడా తెలియదు. స్పీడోమీటర్ కేబుల్, చోక్ కేబుల్, యాక్సిలేటర్ రాడ్డు, హ్యాండ్ బ్రేకు తీగ, వీటిలో ఏదో ఒకటి మర్చిపోయి టబ్ ఎత్తుతారు, అది తెగాక గుర్తొస్తుంది.

సీజే-3బీలో స్టీరింగ్ బాక్సు, పెడళ్లు ఛాసిస్ మీదే ఉంటాయి. స్టీరింగ్ రాడ్డు, పెడళ్ల కాడలు, గేరు రాడ్లు మాత్రం టబ్ నేలలోంచి పైకి వస్తాయి. అందుకే స్టీరింగ్ చక్రం, పెడల్ ప్యాడ్లు, గేరు దగ్గరి కవరు ప్లేటు ముందే తీసెయ్యాలి. చక్రం రాకపోతే పుల్లర్ (చక్రాన్ని పైకి లాగి ఊడదీసే పనిముట్టు) వాడండి. రాడ్డు చివర సుత్తితో కొడితే మరలూ పోతాయి, ఆ దెబ్బ కింద బాక్సులోని బేరింగుల దాకా వెళ్తుంది. అద్దం ఫ్రేము, బోనెట్, మడ్‌గార్డులు కూడా ముందే దింపుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం. తుప్పు తిన్న టబ్ ఛాసిస్ మీద కూర్చున్నంతసేపు గట్టిగానే కనబడుతుంది. బోల్టులు ఊడిన క్షణం నుంచి అది తడిసిన అట్టపెట్టె. ఒకరు ముందు, ఒకరు వెనక పట్టి లేపితే మధ్యలో మడతపడి, పదునైన అంచు చేతుల మీదకో కాళ్ల మీదకో వస్తుంది. అందుకని ఎక్కిదిగే రెండు సందుల్లోనూ, ఆ పక్క నుంచి ఈ పక్కకీ చదరపు పైపులు పెట్టి టబ్‌కి ఆన్చి కట్టాలి, లేదా వెల్డ్ చేయాలి. మనుషులతో ఎత్తిస్తే తోలు చేతితొడుగులు వేసుకున్న ఆరుగురైనా ఉండాలి, మాట చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. స్టీరింగ్ రాడ్డు పూర్తిగా బయటపడేదాకా నిటారుగా పైకే లేపాలి, పక్కకి వంచకూడదు. చైన్ బ్లాక్‌తో అయితే గొలుసు రేకుకి తగిలించకుండా వెడల్పాటి బెల్టులు కిందినుంచి వేయండి. చైన్ బ్లాక్‌ని మామిడి కొమ్మకి వేలాడదీయడం ఊళ్లలో ఇంకా చూస్తున్నాం, అది వద్దు. ఎత్తిన టబ్ కిందికి ఎవరూ తల పెట్టకూడదు, "ఒక్క నిమిషం, ఆ వైరు తీసేస్తా" అని కూడా. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల్ని నమ్ముకోవద్దు, అవి ముందస్తు సూచన లేకుండా పగులుతాయి.

పాత టబ్‌ని వెంటనే తుక్కుకి వేయకండి. సీటు క్లాంపులు, బ్రాకెట్లు, చిల్లులు ఎక్కడున్నాయో చెప్పేది అదొక్కటే. కొత్తది పూర్తిగా అమరేదాకా మూలన పడి ఉండనివ్వండి.

పొగ, దుమ్ము

లుంగీ, హవాయి చెప్పులు వేసుకుని గ్రైండర్ పట్టడం మన షెడ్లలో సర్వసాధారణం. మీ జీపు దగ్గర మాత్రం వద్దనండి. గార్డు తీసేసిన గ్రైండర్ కూడా వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి రుద్దాలి, పిల్లల్ని ఆ చాయలకి రానీయకూడదు. జీఐ రేకుతో, అంటే జింక్ పూత ఉన్న రేకుతో, అతుకులు వేస్తే జింక్ పొగ లేస్తుంది. అది పీల్చినవాళ్లకి ఆ రాత్రి చలి జ్వరం వస్తుంది. పాలు తాగితే విరిగిపోతుందని వెల్డర్లు నమ్ముతారు గానీ పాలు దాన్ని ఆపవు. వెల్డ్ చేసేచోట జింక్ పూత గీకెయ్యడం, గాలి బాగా ఆడేలా చూసుకోవడమే మార్గం. హార్డెనర్ కలిపే రంగు కొట్టేటప్పుడు చేతిరుమాలు కట్టుకోవడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఆ పని పెయింట్ బూత్‌కే వదిలేయండి. వెల్డింగ్ ఆపాక అరగంట పాటు ఒకరు అక్కడే ఉండి చూడాలి, పక్కన ఇసుక బకెట్టు, పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. రేకు కోసుకుంటే టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుచేసుకోండి. ఐదేళ్లు దాటితే డాక్టర్ని కలవాలి.

కొత్త టబ్

హర్యానాలోని మండీ డబ్వాలీ జీపు బాడీలకి పేరున్న ఊరు. విజయవాడ ఆటోనగర్‌లోనూ చేయించుకోవచ్చు. ఎక్కడ తీసుకున్నా రంగు పడకముందే చూడండి. నిగనిగలాడే రంగు కింద ఏముందో మీకు కనబడదు. కాలిపర్‌తో రేకు మందం కొలిచి చూడాలి. 18 గేజ్ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయే నేల ఎందుకూ పనికిరాదు. అయస్కాంతం పట్టనిచోట పుట్టీ ఉన్నట్టే. నేల కింద అడ్డంగా ఉండే చానెళ్ల లోపల ప్రైమర్ పడిందో లేదో టార్చితో చూడండి. తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. పాత మోడల్ విల్లీస్ టబ్, సీజే-3బీ టబ్ చూడటానికి ఒకేలా ఉన్నా ముందు భాగం ఎత్తులో తేడా ఉంటుంది, "జీపు టబ్ ఏదైనా జీపుకి పడుతుంది" అన్న మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి.

బిగించేటప్పుడు జీపు చదును నేల మీద, సొంత చక్రాల మీద ఉండాలి. బోల్టులన్నీ చేత్తో తిప్పి వదిలేసి, గ్రిల్లు, బోనెట్ సరిపోయాకే వరసగా బిగించండి. సందున్నచోట ప్యాకింగ్ వేయాలి గానీ బలవంతంగా లాగి బిగిస్తే టబ్ మెలితిరిగి ఆ మూలే మొదట చిట్లుతుంది. ఈ అమరికంతా రంగు వేయకముందే ఒకసారి పూర్తిగా చూసుకోవాలి. తర్వాత చిల్లు వేస్తే, కోస్తే కొత్త రంగు కిందే తుప్పు మొదలవుతుంది.

రంగు వేసిన రేకు మీద ఎర్త్ పట్టదు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి టబ్‌కి ఎర్త్ పట్టీలు గీకిన ఇనుము మీదే బిగించాలి. లేకపోతే లైట్లు మసకగా వెలుగుతాయి, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటారు.

రోడ్డు ఎక్కేముందు ఆవరణలోనే రెండు పరీక్షలు. స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి, రాడ్డు నేల చిల్లు అంచుకి ఎక్కడా రాసుకోకూడదు. బ్రేకు, క్లచ్ పెడళ్లు తొక్కి వదలండి, వాటంతటవే పూర్తిగా వెనక్కి రావాలి. పెడల్ కాడ కొత్త రేకు అంచుకి తట్టుకుని బ్రేకు సగంలో ఆగిపోతే డ్రమ్ములు కాలుతూనే ఉంటాయి. నేలలో నీళ్లు పోయే చిల్లుల్ని రంగు, పుట్టీ మూసేసి ఉంటే తెరిపించండి. కొన్నాళ్లు తిరిగాక రబ్బర్లు అణిగి బోల్టులు వదులవుతాయి, వాటిని ఇంకోసారి బిగించుకోవాలి.