కరెంటు చార్జీల మీద అభ్యంతరం ఎలా రాయాలి

బిల్లు చూసి వాట్సాప్ గ్రూపులో తిట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు ఈఆర్సీకి (కరెంటు చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ కమిషన్) ఒక అభ్యంతరం కూడా రాయొచ్చు, లాయరేం అక్కర్లేదు. ఏప్రిల్ నుంచి అమలయ్యే చార్జీల మీద డిస్కంలు (ఇంటింటికీ కరెంటు పంపిణీ చేసే కంపెనీలు) కమిషన్‌కు అంతకుముందు నవంబరు 30 లోపే ప్రతిపాదనలు ఇవ్వాలి (ఆలస్యం చేయడం మామూలే). ఆ తర్వాత పేపర్లో పబ్లిక్ నోటీసు వస్తుంది, అందులోని ఆఖరి తేదీ చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉండే మనకు తెలంగాణ దక్షిణ డిస్కం, మింట్ కాంపౌండ్‌లో ఉంటుంది. ఒకప్పుడు అంతా ఒకే విద్యుత్ బోర్డు. 1998 సంస్కరణల చట్టంతో 1999లో కరెంటు తయారుచేసే జెన్‌కో, దాన్ని పెద్ద లైన్ల మీద చేరవేసే ట్రాన్స్‌కో విడిపోయాయి, 2000లో డిస్కంలు వచ్చాయి. ఆ ఏడాదే ఆగస్టు 28న చార్జీల పెంపు మీద ఉద్యమంలో బషీర్‌బాగ్ కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. చార్జీలు పెంచాలంటే ప్రభుత్వాలకు అప్పటినుంచీ భయమే, అందుకే అసలు నష్టం లెక్కల్లో ఎక్కడో దాక్కుంటుందని నా అనుమానం.

ఎక్కడంటే, ముందు వ్యవసాయం పద్దులో వెతకండి. డిస్కం ఇచ్చే ఏఆర్ఆర్ (ఏడాదికి ఎంత ఆదాయం కావాలో చూపే లెక్క) వందల పేజీలుంటుంది, మొత్తం చదవక్కర్లేదు. పంపుసెట్లకు మీటర్లుండవు, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మాత్రం శాంపిల్‌గా మీటర్లు పెట్టి మిగతాదంతా అంచనా కడతారు. ఆ అంచనా ఎంత పెంచితే పంపిణీ నష్టం (దారిలో పోయిన, లెక్కకు అందని కరెంటు) అంత తక్కువగా కనబడుతుంది, కొక్కేలు వేసి లాగిన కరెంటు కూడా రైతు ఖాతాలోకే పోవచ్చు. కాబట్టి శాంపిల్ మీటర్లలో ఆ ఏడాది పనిచేసినవెన్ని, గతేడాది కమిషన్ ఆమోదించిన యూనిట్లకూ వీళ్లు చూపించినవాటికీ తేడా ఎందుకు అని పేజీ నంబరు వేసి మరీ అడగండి.

తర్వాత సబ్సిడీ. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం, ఎవరికైనా చార్జీ తగ్గించమంటే ప్రభుత్వం ఆ డబ్బు డిస్కంకు ముందే కట్టాలి. ప్రకటించిందెంత, చేతికొచ్చిందెంత, ఎత్తిపోతల పథకాల బకాయిలెంత? రాకపోతే డిస్కం అప్పు చేస్తుంది. డిస్కంల అప్పులో 75 శాతం రాష్ట్రాలే తీసుకోవాలని 2015లో కేంద్రం ఉదయ్ పథకం వచ్చింది, 2017లో తెలంగాణ కూడా చేరింది, అయినా అప్పులు మళ్లీ పేరుకున్నాయి. ఓపికుంటే కరెంటు కొనుగోలు ఖర్చు కూడా చూడండి, సింహభాగం అదే.

పేరు, పూర్తి అడ్రసు, సంతకం పెట్టి ఒక కాపీ డిస్కంకు, ఒకటి కమిషన్ కార్యదర్శికి పంపండి. విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ మాట అందులోనే రాయాలి. మీ ఇంటి మీటరు గొడవ మాత్రం ఇందులో కలపొద్దు, దానికి వినియోగదారుల ఫోరం వేరే ఉంది.

చార్జీల మీద కమిషన్ ఆర్డరు వచ్చాక అందులో మీ ప్రశ్న, డిస్కం జవాబు, దాని కింద కమిషన్ అభిప్రాయం వెతకండి. డిస్కంకు ఏదైనా ఆదేశం ఇచ్చి ఉంటే, వచ్చే ఏడాది దాన్ని అమలు చేశారా అని అడగడంతోనే మొదలుపెట్టొచ్చు.