బడిపిల్లలకు పాతకాలపు పల్లె పనులు: ధవళేశ్వరం, కోనసీమ ఒకరోజు యాత్ర

తిరగలి, రోలు, కవ్వం వరసగా పెట్టి "ఇవి పూర్వం వాడేవారు" అని చూపిస్తే పిల్లలు ఫొటోలు తీసుకుని బస్సెక్కేస్తారు. రెండే పనులు పెట్టుకోండి, మొదటినుంచి చివరిదాకా వాళ్లచేతే చేయించండి: వడ్లు దంచడం, కొబ్బరితాడు పేనడం. ఆరు, ఏడు తరగతులకు బాగుంటుంది. ముప్పైమంది దాటితే ఎదురుచూపులకే పొద్దు గడిచిపోతుంది.

డిసెంబరు రెండో సగం అనుకూలం. సార్వా (వానాకాలపు వరి) కోతలై కొత్త వడ్లు దొరుకుతాయి, తుపాన్ల భయం తగ్గుతుంది, పుంతరోడ్లు ఆరతాయి.

పొద్దున్నే ధవళేశ్వరంలో, గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరుమీదున్న మ్యూజియం. గంట చాలు. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు పక్కనే గోదావరి పారుతున్నా 1832-33లో కరువు తప్పలేదన్న సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత చూసే కాలవలకు అర్థం ఉండదు. ఆనకట్టలోని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలను పటంలో గుర్తు పెట్టించండి. ఇప్పుడు కళ్లముందున్న బ్యారేజీ కాటన్ కట్టినది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో కట్టినది. నోటుబుక్కుల్లో దాదాపు అందరూ తప్పు రాసేది ఇక్కడే.

జొన్నాడ దగ్గర గోదావరి పాయ గౌతమి దాటి, రావులపాలెం మీదుగా ముందే మాట్లాడుకున్న ఊరికి వెళ్లండి.

రోటికి కిలో వడ్లు చాలు. వడ్లు పచ్చిగా ఉంటే ఊక వదలదు, గింజ నలుగుతుంది. మరీ ఎండితే గింజకు బీటలు పడి నూకలవుతాయి. పంటికింద కటుక్కుమంటే సరైన ఎండు. రోట్లో సగందాకా పొయ్యాలి. అడుగున కొంచెమే ఉంటే రోకలి పొన్ను (కొనకున్న ఇనప కట్టు) రాతికి తగిలి గింజ ముక్కలవుతుంది, నిండా పోస్తే చిమ్ముతుంది. ఒకరే దంచాలి. ఇద్దరు వంతులవారీగా దంచడం చూడ్డానికి ముచ్చటే గానీ, అలవాటు లేని చేతులతో తలలు పగులుతాయి. రోకలి పక్కన పెట్టాకే రోట్లో చెయ్యి పెట్టాలి. ఒక దఫా దంచి చేటతో చెరిగితే ఊక పోయి ముడిబియ్యం మిగులుతుంది. రెండో దఫాకు తవుడు రాలుతుంది. ఊక, తవుడు, నూకలు, బియ్యం విడివిడిగా తూయించండి. ఊక ఒక్కటే వడ్ల బరువులో ఐదోవంతు దాకా ఉంటుంది. చెరగడం మాత్రం ఊళ్లో పెద్దావిడ ఎవరైనా చూపించాలి, మాటల్లో చెబితే వచ్చేది కాదు.

భోజనాలయ్యాక తాడు. కొబ్బరి డొక్కల్ని (కాయ పైనుండే పీచు తొక్కల్ని) నానబెట్టి, కొట్టి పీచు తియ్యడం ఒక్కరోజులో అయ్యేది కాదు కాబట్టి సిద్ధంగా ఉన్న పీచు కొనండి, నానిన డొక్కను ఒకటి రెండు పగలగొట్టి చూపించండి. పీచు మీద నీళ్లు చల్లాలి, పొడిగా ఉంటే గుచ్చుకుంటుంది, జారుతుంది. రెండు పోగుల్నీ ఒకే దిక్కుకి మెలిపెట్టి, రెంటినీ కలిపి ఎదురుదిక్కుకి పేనాలి. విప్పుకోబోయే పోగులు అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండుసార్లూ ఒకే దిక్కుకి తిప్పితే వదలగానే విడిపోతుంది, పిల్లలు ఎక్కువగా చేసేది ఇదే. అతుకులన్నీ ఒకేచోట పడినా తాడు అక్కడే తెగుతుంది. కొత్త పీచు ఒక పోగులో కలిపాక, రెండో పోగులో జానెడు అవతల కలపాలి.

తాడు లాగి చూసే పోటీ కాలవగట్టు మీద వద్దు, ఇంటివాకిట్లో పెట్టండి.