ఇంగ్లండు వర్తక చార్టర్లను చదివే పద్ధతి

ఐరోపా చరిత్ర పేపరుకు హనుమకొండలో సిద్ధమయ్యే పీజీ విద్యార్థులు చాలామంది 16, 17 శతాబ్దాల ఇంగ్లండును రెండు నోటుబుక్కుల్లో రాసుకుంటారు: ఒకదానిలో రాజులు, పార్లమెంటు, మరొకదానిలో కంపెనీలు, సముద్ర వర్తకం. ముందు ఆ రెండింటినీ ఒకే కాగితం మీదికి తేవాలి. ఖజానాకు డబ్బు అవసరమైన సంవత్సరాలు ఎడమవైపు, చార్టర్ల (రాజు ఇచ్చే హక్కు పత్రాల) ద్వారా వర్తకులకు హక్కులు దక్కిన లేదా పోయిన సంవత్సరాలు కుడివైపు రాయండి.

కాకతీయ గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి అభయ శాసనం చదివినవారికి ఈ పని కొత్త కాదు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును జప్తు చేయబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో ఉంది. వర్తకునికి ఏం దక్కింది, రాజుకు ఏం మిగిలింది అని అక్కడ అడిగినట్లే, 1600 డిసెంబరు 31న మొదటి ఎలిజబెత్ ఈస్టిండియా కంపెనీకి 15 ఏళ్లకు ఇచ్చిన చార్టరు దగ్గరా అడగాలి. అయితే ఇది గుత్త హక్కు (ఆ వర్తకం మరెవరూ చేయకూడదన్న హక్కు) కాబట్టి ఎవరిని బయట నిలబెట్టారన్నదీ చూడాలి.

ఇందుకు విలియం కొకేన్ గుడ్డ అద్దకపు పథకాన్ని మించిన అభ్యాసం లేదని నా అభిప్రాయం. గుడ్డ ఎగుమతి హక్కున్న వర్తకుల మర్చెంట్ అడ్వెంచరర్స్ సంఘం అద్దకం వేయని ఉన్ని గుడ్డను ఐరోపాకు పంపేది. అద్దకపు లాభం అక్కడివారికి పోయేది. రంగు ఇంగ్లండులోనే వేయిస్తే ఖజానా నిండుతుందని లండన్ వర్తకుడైన కొకేన్ మొదటి జేమ్స్‌ను నమ్మించగా, 1614లో రాజు అద్దకం లేని గుడ్డ ఎగుమతిని నిషేధించి, పాత సంఘం హక్కులను పక్కనబెట్టాడు. నేత ఒక పని, అద్దకం మరొక పని అని వరంగల్ కొత్తవాడ దర్రీల మగ్గాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ పనితనం ఇంగ్లండులో చాలినంత లేదన్న సంగతి మాత్రం రాజు లెక్కలోకి రాలేదు. డచ్చివారు రంగు గుడ్డ కొనబోమన్నారు, నేతగాళ్లకు పని పోయింది, 1617లో హక్కులు పాత సంఘానికే తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

గుత్తలపై పార్లమెంటు చేసిన 1624 చట్టం వాటన్నింటినీ రద్దు చేసిందని రాయకండి. కొత్త ఆవిష్కరణలకు 14 ఏళ్ల మినహాయింపుతోపాటు కంపెనీలకూ మినహాయింపు ఉంది. మొదటి చార్లెస్ 1630లలో సబ్బు గుత్తను ఒక కంపెనీకి కట్టబెట్టింది ఆ సందులోంచే.

రాజు మీద పార్లమెంటు పైచేయి సాధించిన 1688 విప్లవం తర్వాత ఎడమ వరుసలో రాజుకు తోడు పార్లమెంటునూ చేర్చండి. 1694లో ప్రభుత్వానికిచ్చిన 12 లక్షల పౌన్ల అప్పుతో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది. 1698లో ప్రభుత్వానికి 20 లక్షల పౌన్ల అప్పు సమకూర్చినవారికి తూర్పు వర్తకపు హక్కు దక్కగా, పాత ఈస్టిండియా కంపెనీ ఆ అప్పులోనే 3,15,000 పౌన్ల వాటా కొని నిలదొక్కుకుంది. పాత కంపెనీ లంచాలపై 1695లో పార్లమెంటు జరిపిన విచారణను ఈ రెండు తేదీల నడుమ రాసుకోవాలి.