లాయర్ ఆఫీసులో జూనియర్లు నలిగిపోకుండా సీనియర్ ఏం చేయాలి?

మన కోర్టు ఊళ్లలో లాయర్‌కి రోజు రెండుసార్లు మొదలవుతుంది. ఉదయం పదిన్నరకు కోర్టులో కాల్ వర్క్‌తో (ఆ రోజు కేసులు వరసగా పిలవడంతో) ఒకసారి, సాయంత్రం ఆరింటికి సీనియర్ గారి ఆఫీసులో ఇంకోసారి. ఆ రెండో రోజు ఎప్పుడు ముగుస్తుందో జూనియర్‌కి తెలియదు. సీనియర్ గారు కుర్చీలోంచి లేచేదాకా కూర్చోవాల్సిందే. నేనూ అలాగే కూర్చున్నాను. ఇప్పుడు నా ఆఫీసులో నలుగురు జూనియర్లున్నారు. వాళ్ల నిద్ర, వాళ్ల ధైర్యం చాలావరకు నేను ఆఫీసు నడిపే తీరును బట్టే ఉంటాయని ఆలస్యంగా తెలుసుకున్నాను. చిన్న ఆఫీసైనా, పెద్ద లా ఫర్మ్ అయినా ఈ పనులు చేయొచ్చు.

1. ముందు గడువుల భయం తీసేయండి

మన వృత్తిలో వాదనల కన్నా తేదీలే ఎక్కువ టెన్షన్ పెడతాయి. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది లిఖిత జవాబు) వేయాలి. కోర్టు 90 రోజుల దాకా సమయం ఇవ్వొచ్చు. కమర్షియల్ (వ్యాపార వివాదాల) దావాలో 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. డిక్రీ మీద అప్పీలు హైకోర్టుకైతే 90 రోజులు, జిల్లా కోర్టుకైతే 30. ఇవన్నీ ఒక్క జూనియర్ నెత్తిన పెట్టి "చూసుకో" అంటే ఆ అబ్బాయి అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తాడు.

గడువులకు వేరే రిజిస్టరు పెట్టండి. ఫైలు తెరిచిన రోజే చివరి తేదీ, దానికి పది రోజుల ముందు తేదీ, రెండూ రాయండి. డ్రాఫ్టు ఎవరు రాస్తారో, ఎవరు గుర్తు చేస్తారో వాళ్ల పేర్లు పక్కనే ఉండాలి. అప్పీళ్లలో తీర్పు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకు) పట్టిన రోజులు మినహాయిస్తారు కాబట్టి, అప్లై చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ కూడా అందులోనే రాయించండి. ప్రతి శనివారం ఆ రిజిస్టరు మీరే చూడండి, గుమాస్తాకు వదిలేయకండి.

2. తప్పు జరిగిన రోజే మీకు తెలిసేలా చూసుకోండి

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక అప్పీలు కోర్టు ఫీజు తక్కువైందని రిటర్న్ అయింది. ఇచ్చిన గడువులో రీసబ్మిట్ చేయడం మర్చిపోయాను. సీనియర్ గారికి చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ అన్నం సయించలేదు. చివరికి చూస్తే అది డిలే పిటిషన్‌తో (ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడిగే దరఖాస్తుతో) సర్దుకునే విషయం. ఆయన మనసు మంచిదే. కానీ కక్షిదారుల ముందే ఫైలు విసిరి తిట్టే అలవాటుండేది. నన్ను ఆపింది ఆ భయమే. నేను ఇంకో నెల దాచి ఉంటే నష్టపోయేది కక్షిదారు.

అందుకే మా ఆఫీసులో ఒక నియమం ఉంది. తప్పు తెలిసిన రోజే చెప్పినవాళ్లను తిట్టను. "ఇప్పుడేం చేద్దాం?" అన్నది నా మొదటి ప్రశ్న. ఎలా జరిగిందన్నది పని సర్దుకున్నాక, తలుపు వేసుకుని మాట్లాడుకుంటాం. మీ తప్పులు కూడా వాళ్లకు చెప్పండి. ఇంకొకటి, జడ్జి గారు కోప్పడినప్పుడు "జూనియర్ పొరపాటండీ" అని ఓపెన్ కోర్టులో అనకండి. అందరి ముందూ ఆ మాట పడ్డ పిల్లలు ఆ తర్వాత మీకు ఏదీ చెప్పరు.

3. ఎంతిస్తారో చేరిన రోజే చెప్పండి

ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ పనిచేసే జూనియర్‌కి మనశ్శాంతి ఎక్కడిది? 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సర్క్యులర్‌లో పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు, మూడేళ్ల పాటు ఇవ్వాలని ఉంది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు. తాలూకా కోర్టులో అంత ఇవ్వలేని సీనియర్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అలాంటప్పుడు ఇవ్వగలిగినంతే చెప్పండి, కానీ ప్రతి నెలా ఒకే తేదీకి ఇవ్వండి. వాళ్లు సొంతంగా వకాలత్ వేసుకుంటే, అడ్వకేట్ కమిషనర్ పని (కోర్టు తరఫున స్థలం చూసి రావడం, సాక్ష్యం నమోదు చేయడం లాంటిది) వస్తే అడ్డు చెప్పకండి, అందుకు టైమివ్వండి.

4. సాయంత్రానికి ఒక హద్దు పెట్టండి

రేపటి కేసుల లిస్టు చూసి, ఎవరు ఏ కోర్టులో ఉండాలో ఆఫీసుకు వచ్చిన వెంటనే పంచేయండి. ఎనిమిదిన్నరకు ఆఫీసు మూసేయండి. ఆ తర్వాత బెయిలు, స్టే లాంటి అర్జెంటు పని పడితే ఫోన్ చేయండి, వాట్సాప్‌లో మెసేజ్ మాత్రం పెట్టకండి. అప్పుడు ఫోన్ మోగలేదంటే పని లేదనే వాళ్లకు తెలుస్తుంది, మాటిమాటికీ ఫోన్ తీసి చూడనక్కర్లేదు.

వేసవి సెలవుల్లో కనీసం రెండు వారాలు పూర్తిగా వదిలేయండి.

5. ఆడపిల్లల భద్రత

పది మంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఈ సంగతి చేరిన రోజే మీ నోటితోనే చెప్పండి.

6. మనిషి మారుతుంటే గమనించండి

చురుగ్గా ఉండే జూనియర్ ఊరికే వాయిదాలు అడుగుతున్నా, ఒకే ఫైలు వారాల తరబడి ముట్టుకోకపోయినా, రోజూ సాయంత్రం మందు వాసన వస్తున్నా బద్ధకం అనుకోకండి. టీకి బయటికి తీసుకెళ్లి, కేసుల ఊసెత్తకుండా అడగండి. వెంటనే సలహాలు మొదలుపెట్టకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఆ రోజు సెలవిచ్చేయండి. ఆఫీసులో మిగతావాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు.

సెలవు నుంచి తిరిగి వచ్చిన మొదటి వారాల్లో అతని క్రాస్‌లు (ఎదుటి సాక్షులను ప్రశ్నించే పని) మీరే చేయండి. కోర్టులో సీనియర్ లేచి నిలబడితే జూనియర్ ఏమయ్యాడని ఎవరూ అడగరు.