నీటిలో అతిసూక్ష్మ లోహాల కొలత - 4వ పాఠం: ఒక్క బ్లాంకు చాలదు

ఈసారి ప్రామాణిక ద్రావణాల తయారీ చెప్పాలి. మీ ఫలితాలు చూశాక దాన్ని వాయిదా వేశాను. చాలామందికి జింకు అనుమానం కలిగించేంత ఎక్కువగా వచ్చింది. ముందుగా చేతి తొడుగులు చూడండి. పొడి పూసినవైతే పారేయండి, ఆ పొడిలో తరచూ జింకు ఉంటుంది.

ఆమ్లం కలిపాక వడపోసినవారు ఆ నమూనాలను వదిలేయాలి. రేణువులకు అంటుకున్న లోహం ఆమ్లానికి కరిగి వడపోత దాటిపోతుంది. కరిగిన లోహం ఎంతో ఇక తెలియదు. 0.45 మైక్రోమీటర్ల వడపోత ముందు, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 కంటే తగ్గించడం తర్వాత. సీసాల కడుగుడు మళ్లీ చెప్పను. పాదరసం దారి వేరు, దాన్ని ఇందులో కలపకండి.

ఇక అసలు సంగతి. ఒకే బ్లాంకు, అంటే నమూనాలాగే అన్ని దశలూ దాటించిన శుద్ధజలం, కొలిచి, ఆ అంకెను నమూనాలోంచి తీసేసి, లెక్క తేలిందనుకున్నారు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చని పని. కాలుష్యం ప్రతిసారీ ఒకే మోతాదులో రాదు. ఒక సీసాలో పడిన ధూళి పక్క సీసాలో పడదు. తీసివేతతో పోయేది సగటు మాత్రమే, ఒడిదుడుకులు అలాగే ఉంటాయి.

అయిదు బ్లాంకుల్లో జింకు లీటరుకు 0.4, 0.9, 0.5, 2.1, 0.6 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి. సగటు 0.9, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 0.7. దానికి మూడు రెట్లు, అంటే 2.1, మీ గుర్తింపు పరిమితి, అంటే లోహం ఉందని నమ్మకంగా చెప్పగల అతి తక్కువ మోతాదు. నమూనా 2.4 చూపితే, సగటు తీసేశాక మిగిలేది 1.5. అది పరిమితికి లోపలే ఉంది, కాబట్టి ‘గుర్తించలేదు’ అనే రాయాలి. మొదటి బ్లాంకు ఒక్కటే కొలిచినవారు ఇదే నీటికి 2.0 అని ధీమాగా రాసేస్తారు. ఎక్కువగా ఉందని 2.1 వచ్చిన నాలుగో బ్లాంకును కొట్టేయకండి. మీ పద్ధతిలోని లోపాన్ని పట్టిచ్చేది అదే.

అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లో సీసం (లెడ్) ఎంతుందో కొలవబోతే గాలి, పాత్రలు, రసాయనాల నుంచి వచ్చే సీసమే అడ్డుపడింది. ప్రయోగశాలను ఏళ్ల తరబడి శుభ్రపరిచాకే 1956లో భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని ప్రచురించారు.

బ్లాంకు అంటే గదిలో నింపిన శుద్ధజలం కాదు. ఆ నీటిని నమూనా తీసే చోటికి మోసుకెళ్లి, అక్కడే మూత తీసి, అదే వడపోత, అదే ఆమ్లం వాడాలి. వడపోతలో మొదట వచ్చే నీటిని నేను ఎప్పుడూ పారబోస్తాను, మీరూ అలాగే చేయండి.

అభ్యాసం: వేర్వేరు రోజుల్లో పది బ్లాంకులు చేసి, జింకు, సీసం, కాడ్మియంలకు విడివిడిగా గుర్తింపు పరిమితి కట్టండి. అది పూర్తయ్యేదాకా కొత్త నమూనా ఒక్కటీ తీయవద్దు.