పరుగులో పాదం ఎక్కడ పడుతోందో చూసుకోండి

సిరొంచ, అంకీస వైపు పొద్దున్నే పోలీస్ భర్తీకి పరుగెత్తే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. వేగం పెంచాలని చాలామంది కాలు బాగా ముందుకు చాచి మడమ మీద దిగుతారు. అక్కడే నష్టం. పాదం ఒంటికి మరీ ముందు పడితే నేల మనల్ని వెనక్కి నెడుతుంది, ప్రతి అడుగుకూ బ్రేక్ పడినట్టే. పైగా పరుగులో అడుగడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. 1600 మీటర్ల పరుగులో అలా దాదాపు వెయ్యిసార్లు. మోకాలి నొప్పులు ఊరికే రావు.

పక్క నుంచి, నడుము ఎత్తులో ఫోన్ పట్టుకుని స్లో మోషన్‌లో వీడియో తీయమనండి. పాదం నేలను తాకిన క్షణం దగ్గర ఆపి చూడండి. పాదం మోకాలిని దాటి బాగా ముందుకు పోయిందంటే అడుగు అవసరానికి మించి పొడవైనట్టే.

కాలు ఎక్కడ వేయాలా అని ఆలోచిస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది. దాని బదులు అదే వేగంలో అడుగుల సంఖ్య పెంచండి. నిమిషానికి 160 పడుతుంటే 168, అంటే 5 శాతం చాలు. అడుగు దానంతట అదే చిన్నదవుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. మొదట్లో ఆయాసం ఎక్కువనిపించొచ్చు, కాబట్టి రోజూ కొంతసేపే చేయండి. అందరికీ 180 ఉండాల్సిందే అనే మాట పట్టించుకోకండి, ఎత్తును బట్టి, వేగాన్ని బట్టి అది మారుతుంది.

ప్రాణహిత ఇసుకలో ప్రాక్టీస్ మంచిదే గానీ అక్కడ అడుగు తీరు వేరు. వీడియో మాత్రం గట్టి నేల మీదే తీయండి. ఈ మార్పు భర్తీ దగ్గరపడ్డాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టండి.