పాత మినియేచర్ల పునరుద్ధరణ – మూడవ పాఠం: పాత రంగును వదిలించడం

గత పాఠంలో మనం కొన్న పాత మినియేచర్లను, అంటే చిన్న సైనికుల బొమ్మలను, సబ్బునీటితో కడిగి, విరిగిన ముక్కలను ఏ బొమ్మవి ఆ బొమ్మ దగ్గర చేర్చి పెట్టుకున్నాం. ఈ పాఠంలో వాటి మీద ఉన్న పాత రంగును వదిలిస్తాం. ఈ పాఠమాల మొత్తంలో బొమ్మ శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఈ దశలోనే కనుక, పాఠం చివరిదాకా చదివిన తరువాతే రంగు వదిలించే ద్రవం సీసా మూత తీయవలసిందిగా కోరుతున్నాను.

మన ఊళ్లలో పాత గుడి స్తంభాలకు ఏటేటా సున్నం వేయగా వేయగా, రాతిలో చెక్కిన పువ్వుల రేకులు పూడుకుపోయి నున్నటి ముద్దలుగా మారడం మీరు చూసే ఉంటారు. చేతులు మారిన మినియేచర్‌కు జరిగేది కూడా అదే. 28 మిల్లీమీటర్ల కొలతలో చేసిన సైనికుడి ముఖం బియ్యపు గింజ కంటే పెద్దగా ఉండదు. దాని మీద ఇద్దరు ముగ్గురు యజమానులు ఒకరి తరువాత ఒకరు రంగు వేస్తే కళ్లు, పెదవులు, కవచపు గొలుసులు అన్నీ ఒకే పొర కిందికి వెళ్లిపోతాయి. అయితే ప్రతి బొమ్మకూ ఈ పని అవసరం లేదు. పాత రంగు పలుచగా ఉండి, చెక్కిన అంచులు గోటికి స్పష్టంగా తగులుతూ ఉంటే దానిని అలాగే ఉంచి, పైన ప్రైమర్ (రంగుకు ముందు వేసే పునాది పూత) వేసుకోవచ్చు.

రంగు వదిలించాలని నిర్ణయించుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది బొమ్మ దేనితో తయారైందన్నది. ఏ ద్రవం వాడాలన్నది పూర్తిగా దాని మీదే ఆధారపడి ఉంటుంది. లోహపు బొమ్మను అరచేతిలో పెట్టుకోగానే బరువు, చల్లదనం తెలుస్తాయి. ప్లాస్టిక్‌కూ, ద్రవంగా అచ్చులో పోసి గట్టిపరిచే రెజిన్‌కూ తేడా చెప్పడమే కష్టం. పాదాల కింద, ఎవరికీ కనబడని చోట బ్లేడుతో కొద్దిగా గీరి చూడండి: ప్లాస్టిక్ అయితే సన్నని చుట్టలా లేస్తుంది, రెజిన్ అయితే పొడిగా రాలుతుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక గీరే చోటును తడిపి, ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి. రెజిన్ బొమ్మల మీద సూదిమొన లాంటి గాలిబుడగల గుంటలు కూడా తరచుగా కనిపిస్తాయి.

ఈ పరీక్షను నేను ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. హనుమకొండలో ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, ఐదుగురు సైనికులున్న ఒక ప్లాస్టిక్ జట్టును మా అక్క గోళ్ల రంగు తుడుచుకునే ద్రవంలో ముంచాను. అందులో ఉండేది అసిటోన్. పావుగంట తరువాత తీసి చూస్తే ముఖాలు తడిసిన సబ్బుబిళ్లల్లా మెత్తబడి ఉన్నాయి, ఈటెలు వంగి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఈ బొమ్మల్లో వాడే పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను అసిటోన్ కరిగిస్తుంది. ఒకసారి కరిగిన ముఖాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. అసిటోన్‌ను లోహపు బొమ్మలకు మాత్రమే, అది కూడా ప్లాస్టిక్ పీఠాన్ని విడదీసిన తరువాతే వాడాలి.

అన్నిటికంటే నమ్మకమైనది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ బాగుచేసేవారు బోర్డులు తుడవడానికి వాడేది ఇదే. వారి దగ్గర ఐపీఏ అని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. ఇది ఎండిన యాక్రిలిక్ రంగును ఉబ్బేలా చేసి, బొమ్మ ఉపరితలం నుండి పట్టు విడిపిస్తుంది. ఖాళీ అయిన పచ్చడి సీసాను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, బొమ్మ మునిగేంత ద్రవం పోసి మూత బిగించండి. ప్లాస్టిక్ బొమ్మను అరగంటకోసారి చూస్తూ కొన్ని గంటలు ఉంచవచ్చు, లోహాన్ని రాత్రంతా ఉంచవచ్చు, రెజిన్‌ను మాత్రం అరగంటలో బయటికి తీయాలి. ఈ ద్రవానికి చాలా సులభంగా నిప్పు అంటుకుంటుంది. మన వైపు ఎండాకాలంలో గదిలోనే ఆవిరి నిండిపోతుంది కనుక కిటికీలు తెరిచి, వంటగదికి, దీపానికి, అగరుబత్తికి దూరంగా కూర్చోవాలి.

ఐపీఏ దొరకనప్పుడు నీళ్లు కలపని డెటాల్‌లో ప్లాస్టిక్, లోహపు బొమ్మలను ఒక రాత్రి నానబెట్టవచ్చు. రెజిన్‌కు మాత్రం డెటాల్ వద్దు, అది మెత్తబడే అవకాశం ఉంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నానిన బొమ్మను నేరుగా కుళాయి కింద పెట్టడం. నీరు తగలగానే ఊడిన రంగు జిగురు ముద్దగా మారి, బయటికి తేవాలనుకున్న గీతల్లోకే మళ్లీ చేరి గట్టిపడుతుంది. బ్రష్షుతో రుద్దడం, తొలచడం అంతా డెటాల్‌లోనే పూర్తిచేసి, చివరగా గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగాలి.

రుద్దడానికి మెత్తని పాత టూత్‌బ్రష్షు చాలు. బొమ్మను వేళ్ల మధ్య తేలికగా పట్టుకొని, పై నుండి కిందికి కాకుండా దుస్తుల మడతలు ఎటు పోతే అటే బ్రష్షును నడపండి. మొదట పొలుసులుగా పై రంగు లేస్తుంది, తరువాత దాని కింద ఇంకొకరు వేసిన రంగు, అన్నిటికంటే కింద నల్లని ప్రైమర్. చంకల్లో, డాలు వెనుక, గడ్డం కింద మిగిలిన దానిని వెదురు పుల్ల మొనతో నెమ్మదిగా తీయాలి. సూది, బ్లేడు వాడితే ప్లాస్టిక్ మీద గీతలు పడి, కొత్త రంగు వేసిన తరువాత అవే ముందుగా కనిపిస్తాయి. రాని రంగు కోసం బలం పెంచవద్దు, బొమ్మను తిరిగి సీసాలో వేయండి. నిన్న సాయంత్రం ఒక విలుకాడి ముఖం మీద నుండి చివరి పచ్చరంగు పొర లేచినప్పుడు, ఎడమ కనుబొమ్మ దగ్గర శిల్పి చెక్కిన చిన్న గాయపు గుర్తు బయటపడింది. ఆ బొమ్మ నా దగ్గరికి వచ్చి ఏడాది అయినా అది అక్కడ ఉందని నాకు తెలియదు.

లోహపు బొమ్మల విషయంలో ఒక హెచ్చరిక. 1990ల వరకు చాలా కంపెనీలు సీసం కలిసిన లోహాన్నే పోతపోసేవి. పీఠం అంచుతో తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిలు గీతలాంటి ముదురు గీత పడితే అందులో సీసం ఎక్కువగా ఉందని భావించాలి. అటువంటి బొమ్మను పొడిగా అరగదీయకూడదు, పిల్లలకు అందనీయకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. తెల్లటి బూజు లాంటి పొడి పట్టి ఉంటే అది సీసం తుప్పు. చెక్క పెట్టెల నుండి, అట్టల నుండి వెలువడే ఆమ్లపు ఆవిరులు దీనిని పెంచుతాయి కనుక ఆ బొమ్మలను చెక్క బీరువాలో దాచవద్దు, వెనిగర్‌తో అసలే కడగవద్దు.

వాడిన ఐపీఏను మోరీలో పోయకండి. ఒకరోజు కదపకుండా ఉంచితే రంగు అడుగున పేరుకుంటుంది. పైన తేరినదాన్ని పాత నూలుగుడ్డతో వడకట్టి మరో రెండు మూడు సార్లు వాడుకోవచ్చు.

వచ్చే పాఠంలో విరిగిన చేతులను లోపల ఇత్తడి తీగ పెట్టి అతికిస్తాం. అప్పటికి ఒక ప్లాస్టిక్ బొమ్మను, ఒక లోహపు బొమ్మను రంగు వదిలించి, ఒక రోజంతా నీడలో ఆరబెట్టి ఉంచండి. అవుసలి పనిముట్లు అమ్మే దుకాణంలో చేతితో తిప్పే చిన్న డ్రిల్లు, 1 మిల్లీమీటరు ములుకు, అంతే మందం ఉన్న ఇత్తడి తీగ తెచ్చుకోవాలి. ఫెవిక్విక్ ఇంట్లో ఉంటే అదే సరిపోతుంది.